సైకిలక్క ఇల్లు

మా ఆవిడను సమాధి చేసిన మూడో రోజు పొద్దున ఒకామె మా గేటు ముందు ఆటో దిగి, "సైకిలక్క ఇల్లు ఇదేనా సార్?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాను.

ఆమె చేతిలోని కాగితం ముక్క చూసుకుంది. యాభై దాటిన మనిషి. జుట్టు సగం నెరిసింది. భుజానికి గుడ్డసంచి తగిలించుకుని ఉంది. పక్కింటి దాకా నడిచి, వాళ్ళను అడిగి, మళ్ళీ మా గేటు దగ్గరికే వచ్చింది.

"మండలాఫీసులో పన్జేసేది. ఉదయగిరి కాడ పుట్టిల్లు. ఇదే ఇల్లని చెప్తాండారు సార్."

"ఆమె నా భార్య. చనిపోయింది," అన్నాను.

"తెలిసే వచ్చినాను," అంది.

అప్పుడు గేటు తీశాను.

ఆ రోజుల్లో ఏ మాటైనా చెవిన పడ్డాక కొంతసేపటికి గాని నాకు అర్థమయ్యేది కాదు. మా ఆవిడ వంటింట్లో చింతపండు నానబెడుతూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. నెల్లూరులో నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టాను. ఐదో రోజు డాక్టరు బయటికి వచ్చి చెబుతున్నప్పుడు ఆయన చొక్కా జేబుకు అంటిన ఇంకు మరక చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆత్మకూరుకు తెచ్చి సమాధుల తోటలో దించేటప్పుడూ రాలేదు. మా అమ్మాయి నెల్లూరులో నర్సు. "నాన్నా, కాసేపు ఏడు. మంచిది," అని చెప్పింది, మాత్ర వేసుకోమన్నట్టు. నేను గదిలోకి పోయి మంచం మీద కూర్చున్నాను. ఏమీ రాకపోతే మళ్ళీ లేచి వచ్చాను.

వచ్చినామె లోపల కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఆమె కూడా ఏడవలేదు. అది నాకు తేలిగ్గా ఉండింది. అప్పటికి మూడు రోజులుగా ఏడ్చేవాళ్ళ ముందు కూర్చుని ఉన్నాను. తాను మా ఆవిడ పుట్టిన ఊరిలోనే, ఉదయగిరి కొండ కింద, ఆశా కార్యకర్తగా చేస్తున్నానని చెప్పింది.

"నాకు సైకిల్ అక్కే నేర్పించింది సార్. నాకే గాదు, మా ఊర్లో, సీతారామపురం పక్క ఊర్లలో చానామందికి. చదువు ఉద్యమం రోజుల్లో. మీకు తెలుసు గదా?"

సాయంత్రం తరగతులు చెప్పేదని తెలుసు. సైకిల్ తొక్కేదనీ తెలుసు. నేర్పించేదని తెలియదు. "తెలుసు," అన్నాను.

ఆమె సంచిలోంచి ఒక పొడుగు నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అట్ట ఊడిపోతే సిమెంటు సంచి కాగితం వేసి కుట్టినట్టున్నారు.

"పెండ్లికి ముందు మా ఇంట్లో పెట్టి పొయినాది. ఎన్నిసార్లు ఇయ్యబోయినా, 'నీ కాడే ఉండనీలే' అనేది. ఇంక నా కాడ ఎందుకని తెచ్చినాను. జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడో చెప్తే మేమంతా వస్తాం సార్."

"మేమంతా అంటే?"

"నేర్చుకున్నోళ్ళం."

తేదీ ఇంకా అనుకోలేదని చెప్పాను. ఆమె తన ఫోన్ నంబరు అదే కాగితం ముక్క మీద రాసి ఇచ్చి, బస్సు టైమయిందని లేచింది.

నోటుపుస్తకం రెండు రోజులు ఆ బల్ల మీదే ఉంది. దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి టీవీ ఆగిపోయింది. చేసేదేమీ లేక తెరిచాను.

అది మా ఆవిడ చేతిరాతే. ఆఫీసు ఫైళ్ళ మీద రాసే రాత కాదు. అక్షరాలు ఇంకా పెద్దవిగా, ఒరిగి, తొందరగా ఉన్నాయి. ఊరూరా ఆడవాళ్ళ ముందు నిలబడి చెప్పడానికి తయారు చేసుకున్న మాటలు. శిక్షణలో ఇచ్చిన కాగితాలు చూసి, నెల్లూరు లైబ్రరీలో చదివి, మాట్లాడే భాషలోనే రాసుకుంది.

"మీకొక కథ చెప్తాను. ఇంచుమించు రెండు వందల ఏండ్ల కిందట జర్మనీ దేశంలో అడవుల మీద ఒక ఆఫీసరు ఉండేవాడు. ఒక ఏడు అక్కడ ఎండే కాయలేదు. పంటలు పోయినాయి. మనకు వానల్లేక కరువు, వాళ్ళకు ఎండ లేక కరువు. గుర్రాలకు దాణా లేదు. మేత అడగని గుర్రం ఒకటి చేస్తే పోలా అని ఆయన అనుకున్నాడంట. కొయ్యతో చేసినాడు. ముందొక చక్రం, వెనకొక చక్రం. పెడల్ లేదు, చైన్ లేదు. పైన కూచోని కాళ్ళతో నేలను తన్నుకుంటా పోవాల. జనం నవ్వినారు. కొన్ని ఊర్లలో దాన్ని వీధుల్లో తిప్పగూడదని సర్కారు ఆర్డర్లు కూడా వేసినారు."

అక్కడ ఎర్ర ఇంకుతో "ఆగాలి" అని రాసి ఉంది.

"తర్వాత ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడల్ బిగించినారు. చక్రాలకు ఇనుప పట్టాలు. ఎక్కినోళ్ళ ఎముకలన్నీ కదిలిపోయేవి. ఆ తర్వాత ముందు చక్రం మనిషెత్తు పెంచినారు. పడితే తలకిందులుగా పడాల్సిందే. చివరికి రెండు చక్రాలూ ఒకటే ఎత్తు చేసి చైన్ పెట్టినారు. ఒక పశువుల డాక్టరు, తన బిడ్డ బండి గతుకుల్లో ఎగిరెగిరి పడతా ఉంటే, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టినాడు. అదే మన ట్యూబు. మీరు నేర్చుకోబోయేది ఆ సైకిలే. అప్పటినించి పెద్దగా మారలేదు.

"అప్పుడు ఆడోళ్ళు ఎక్కినారు. ఇంక చూడండి రభస. సైకిల్ తొక్కే ఆడదాని మొహం వంకర పోతుందని డాక్టర్లు చెప్పినారు. కండ్లు బయటికి పొడుచుకొస్తాయన్నారు. దానికొక జబ్బు పేరు కూడా పెట్టినారు. ఆ ఆడోళ్ళు విన్లా. గౌనును రెండుగా చీల్చి, లాగు మాదిరి కుట్టుకోని తొక్కినారు. అట్టా తొక్కినోళ్ళే కొందరు తర్వాత మాకూ ఓటు కావాలని ఊరూరా తిరిగినారు. ఇంకొకటి. రోడ్లు బాగుచెయ్యండని సర్కారును ముందు అడిగింది కారులోళ్ళు గాదు, సైకిలోళ్ళు. అప్పటికింకా రోడ్ల మీద కార్లు యాడుండాయి?

"మన దేశంలో మొదట దొరలు తొక్కినారు. తర్వాత డాక్టరు. తర్వాత పాదిరి, పంతులు, పోస్టుమ్యాను, పాలాయన. మొగోళ్ళందరి వంతూ అయిపోయింది."

మళ్ళీ "ఆగాలి."

ఆ తర్వాతి పేజీల్లో ఊళ్ళలో జనం ఏమన్నారో, దానికి తాను ఏం చెప్పాలో రాసుకుంది. చీర చైన్‌లో ఇరుక్కుంటుంది అన్నవాళ్ళకు, కుచ్చిళ్ళు ఎట్లా దోపుకోవాలో చూపించాలి. గర్భసంచి జారుతుంది అన్నవాళ్ళకు: "నీళ్ళ బిందెలు రెండు మైళ్ళు మోసినప్పుడు జారలా గదా, కూచోని పోతే జారతాదా?" ఆడది సైకిలెక్కితే వానలు పడవు అన్నవాళ్ళకు: "ఇన్నేండ్లూ ఎవురూ ఎక్కలేదు గదా పెద్దాయనా, పడినాయా?"

నేను ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ టీచరుగా పనిచేశాను. పారిశ్రామిక విప్లవం పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఆవిరి యంత్రం, మరమగ్గం, రైలు. సైకిల్ గురించి ఒక్క మాట చెప్పినట్టు గుర్తు లేదు. ఇదంతా తెలిసిన మనిషి మా ఇంట్లోనే నా టిఫిన్ డబ్బా కడుగుతూ ఉండింది.

చివరి పేజీలో నాలుగు లైన్లే ఉన్నాయి.

"పెండ్లి కుదిరింది. ఆయన ఆత్మకూరు హైస్కూల్లో సోషల్ టీచరు. ఆ స్కూలుకు పెద్ద గ్రౌండ్ ఉండాదంట. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. ఆయన్ను అడిగితే ఇప్పిస్తాడు. చదువుకున్న మనిషి."

చదివి, పుస్తకం మూశాను. కరెంటు వచ్చింది. టీవీ దానంతటదే మొదలైంది. వార్తలు చూశాను.

ఆమె కాపురానికి వచ్చిన రోజు సైకిల్ కూడా వచ్చింది. బస్సు పైన తాళ్ళతో కట్టి ఉంటే, కండక్టరు ట్రంకు పెట్టె తర్వాత దాన్ని దించాడు. నల్ల లేడీస్ సైకిల్. ముందు బుట్ట. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేందిరా, కోడలు కాపురానికొచ్చిందా, టపా పంచేదానికొచ్చిందా?" అంది. అమ్మ చెడ్డగా అనలేదు. అందరం నవ్వాము, కొత్త పెళ్ళికూతురు కూడా.

వారం తర్వాత ఒకరోజు ఆమె బజారుకు సైకిల్ మీద పోయి వచ్చింది. మర్నాడు స్టాఫ్‌రూములో సాటి మాస్టరొకాయన, "నిన్న మీ ఇంటి పోస్టుమ్యాన్ కనబడింది," అన్నాడు. మా అమ్మ మాట ఆయన దాకా ఎట్లా చేరిందో తెలియదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక కూడా ఆ నవ్వు నా మొహం మీద అట్లాగే ఉన్నట్టు అనిపించింది.

ఆమె నా రికార్డు పుస్తకాలకు అట్టలు వేస్తూ ఉంది.

"ఇక్కడ అన్నీ దగ్గరే కదా," అన్నాను. "సైకిలెందుకు?"

ఆమె కత్తెర పక్కన పెట్టింది. నా వైపు చూసింది. "సరే," అంది. మళ్ళీ కత్తెర తీసుకుంది.

అంతే జరిగింది. తిట్టుకోలేదు, అలగలేదు. గ్రౌండ్ సంగతి ఆమె అడగనే లేదు. సైకిల్ కొన్ని నెలలు పెరట్లో గోడకు ఆనించి ఉంది. సోమశిలలో మా చెల్లెలి భర్తకు అవసరమైతే ఇచ్చేశాను. ఆయన తీసుకుపోయే రోజు మా ఆవిడ పాత గుడ్డతో దాన్ని తుడిచింది. "చైన్‌కు అప్పుడప్పుడు నూనె వెయ్యన్నా, లేకుంటే బిగుసుకుంటాది," అని చెప్పింది. తర్వాత ఆమె పరీక్ష రాసి మండలాఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. రోజూ నడిచి పోయేది. నేను మోటారు సైకిల్ కొన్నాక, వాన పడే రోజుల్లో దింపేవాణ్ణి.

జ్ఞాపకార్థ కూడిక తేదీ పాస్టరుగారు ఖాయం చేశాక, ఆ ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే సరిపోయేది. బస్సెక్కి ఉదయగిరి పోయాను. ఎందుకు పోయానో అప్పుడు నాకు తెలియదు. మర్రిపాడు మండలం దాటేదాకా బస్సు లారీల వెనకే నడిచింది. ఉదయగిరిలో దిగి ఆటోలో ఆ ఊరికి పోయేసరికి ఆమె ఒక బాలింత ఇంట్లోంచి బయటికి వస్తూ ఉంది. గోడకు ఆమె సైకిల్ ఆనించి ఉంది. హ్యాండిల్‌కు రిజిస్టర్ల సంచి.

వేపచెట్టు నీడన అరుగు మీద కూర్చున్నాం. తేదీ చెప్పాను. తర్వాత, "ఆమె సైకిల్ మానేసింది నావల్లే అమ్మా," అన్నాను.

"తెలుసు సార్."

"ఆమె చెప్పిందా?"

"చెప్పలా. పెండ్లయినాక మొదటిసారి వచ్చినప్పుడు మేమే అడిగినాం, ఆత్మకూర్లో ఎంతమందికి నేర్పించినావక్కా అని. 'అక్కడ రోడ్డు బాగలేదు' అనింది. ఆత్మకూరు రోడ్డు మాకు తెల్దా సార్? మా రోడ్డు కన్నా నున్నంగా ఉండేది. అప్పుడే అర్థమైపోయింది."

ఆమె సైకిల్ హ్యాండిల్ మీది సంచి సరిచేసింది.

"మీరు అదే మనసులో పెట్టుకోని కూచోబాకండి. ఆమె తొక్కతానే ఉన్నింది."

"ఎక్కడ?"

"ఈడనే. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా సైకిలే తీసుకొనేది. గండిపాళెం చెరువుకట్ట మీదికి పోయి వచ్చేది. మొన్న ఎండాకాలంలో గూడా పొయినాది. మీకు తెల్దా?"

తెలియదన్నాను. ఈసారి అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, "అన్నం తిని పోదురు రండి," అంది. ఆమె ఇంట్లో సంగటి, చేపల పులుసు పెట్టింది. తిన్నాను. మళ్ళీ వడ్డిస్తే అదీ తిన్నాను. ముప్పై ఏళ్ళు ఒక మనిషి నా పక్కన పడుకుని లేచి, ఏడాదికి నాలుగైదుసార్లు నాకు తెలియని రోడ్డు మీద తిరిగి వచ్చిందని విన్న తర్వాత ముద్ద గొంతు దిగకూడదు అనుకున్నాను. దిగింది.

ఆ శనివారం మా అమ్మాయి ఇంటికి వచ్చింది. వంటింట్లో నేల మీద కూర్చుని వంకాయలు తరుగుతుంటే చెప్పాను. "మీ అమ్మ, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో సైకిల్ తొక్కేదంట."

"అవును," అంది, తల ఎత్తకుండా.

"నీకు తెలుసా?"

"నన్ను వెనక కూచోబెట్టుకోని పోయేది గదా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడూ అడగలా నాన్నా."

"మీ అమ్మ చెప్పొద్దనిందా?"

"అనలేదు. నువ్వు అడగలా, అంతే." కత్తి ఆపింది. "ఊరి నుంచి వస్తానే నువ్వు అడిగేది ఒకటే. బస్సు టైముకు వచ్చిందా అని."

తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తాను. తర్వాత నేనే అడిగాను. "ఎట్లా తొక్కేది?"

అమ్మాయి చేతులు తుడుచుకుంది. "నెమ్మదిగానే. కట్ట మీద గాలి ఎక్కువ. ఎదురుగాలి కొడితే గట్టిగా ఊపిరి తీసేది. నేను వీపుకు చెవి ఆనించి కూచునేదాన్ని. లోపల ఊపిరి వినపడేది. ఆఖర్న ఒకచోట దిగి, నీళ్ళ పక్కకు తిరిగి నిలబడుకునేది. నాకు బిస్కెట్లు ఇచ్చేది. మళ్ళీ తిరిగి వచ్చేవాళ్ళం." చెబుతూ చెబుతూ ఏడ్చింది. నేను వంకాయ ముక్కల గిన్నె ఆమె ముందు నుంచి తీసుకున్నాను. తల మీద చెయ్యి వెయ్యాలని తట్టింది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

కూడిక రోజు వాళ్ళు వచ్చారు. ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచి ఒక వ్యాను మాట్లాడుకుని వచ్చారు. అందరూ నలభై ఐదు, యాభై దాటినవాళ్ళు. అంగన్‌వాడీ టీచర్లు, కూలికి పోయేవాళ్ళు, ఒక మెస్ నడిపే ఆమె. అందరూ మా చర్చివాళ్ళు కాదు. చెప్పులు బయట వరసగా విడిచి, లోపల ఒక పక్కగా కూర్చున్నారు. మా బంధువులు వాళ్ళెవరని నన్ను అడిగారు. "ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు," అన్నాను.

ప్రార్థన, వాక్యం అయ్యాక పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఒక కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను. మంచి ఇల్లాలు, మంచి తల్లి, అందరికీ సాయపడేది. లేచి నిలబడ్డాక ఆ కాగితం జేబులోనే ఉంచి, నోటుపుస్తకం తెరిచాను.

"ఇది ఆమె రాసింది," అని చెప్పి చదవడం మొదలుపెట్టాను.

జర్మనీ, కొయ్య గుర్రం, ఇనుప పట్టాలు. మా బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా గొంతు హాజరు పట్టీ చదివినట్టు ఉందని నాకే తెలుస్తూ ఉంది. మొహం వంకర పోతుందన్న చోట ఆ పక్క నుంచి చిన్న నవ్వు వినబడింది. "ఆడది సైకిలెక్కితే వానలు పడవు" అని నేను చదవగానే, ఆ ఆడవాళ్ళంతా ఒక్కసారిగా, "ఇన్నేండ్లూ ఎవురూ ఎక్కలేదు గదా పెద్దాయనా, పడినాయా?" అన్నారు. చర్చిలో అని కూడా చూడకుండా పెద్దగా నవ్వారు. మా అమ్మాయి నవ్వుతూ ఏడుస్తూ ఉంది. పాస్టరుగారు తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు.

నేను చివరి పేజీ కూడా చదివాను. గ్రౌండ్ సంగతి. చదువుకున్న మనిషి అన్న మాట. చదివి, "ఆమె నన్ను అడగలేదు. అడగక ముందే నేను సైకిలెందుకు అన్నాను," అని చెప్పి, వచ్చి నా చోట కూర్చున్నాను. తర్వాత పాస్టరుగారు కీర్తన ఎత్తుకున్నారు.

భోజనాల దగ్గర, ఆ మెస్ నడిపే ఆమె ఆకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "బాగానే చదివినావు సార్," అంది. "అక్కయితే ఆడాడా కొంచెం ఆగేది, మేం నవ్వేదాకా."

"రాసి ఉంది," అన్నాను. "ఆగాలని. నేనే ఆగలేదు."

"పోనీలే, కొత్త గదా," అంది.

ఆ తర్వాతి వారం నేను పనిచేసిన స్కూలుకు పోయాను. హెడ్మాస్టరు నాకంటే చిన్నవాడు, మర్యాదస్థుడు. గ్రౌండ్‌ను ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పడానికి ఇమ్మని అడిగాను. ఆయన టీ తెప్పించి, బయటివాళ్ళను గేటు లోపలికి రానివ్వకూడదని ఇప్పుడు ఆర్డర్లున్నాయని చెప్పాడు. ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందన్నాడు. నేను అతని స్థానంలో ఉన్నా అదే అనేవాణ్ణి. టీ తాగి వచ్చేశాను.

ఆ మాట ఫోన్లో చెబితే ఆశా కార్యకర్త పెద్దగా బాధపడలేదు. "ఇప్పుడు గ్రౌండ్‌తో పన్లేదు సార్. ఆడపిల్లోళ్ళకు సైకిల్ వచ్చు. రోడ్డే భయం. లారీలు రయ్‌మని పోతాంటే బిడ్డల్ని పంపాలంటే తల్లులకు భయం. సైకిళ్ళు ఇంట్లో తుప్పు పడతాండాయి. స్కూలు దాకా రోడ్డు పక్కన కొంచెం జాగా చదును చేసి, గీత గీస్తే చాలు. మీరు అర్జీ రాసిస్తారా? అక్కయితే రాసేది."

రాసిచ్చాను. నాలుగుసార్లు తిరగరాశాను. సంతకాలు వాళ్ళు చేయించారు. ఒక సోమవారం నేనూ వాళ్ళతో ఉదయగిరి మండలాఫీసులో వరసలో నిలబడి ఇచ్చి వచ్చాను. రశీదు ఇచ్చారు. ఇంతవరకూ జవాబు రాలేదు. మళ్ళీ ఇంకొకటి రాద్దామంది ఆమె. రాస్తున్నాను.

ఈ మధ్య పొద్దున్నే నడవమని మా అమ్మాయి పోరుతూ ఉంది. ఒకరోజు మా ఊరి బయట ఇళ్ళ స్థలాల కోసం వేసిన లేఅవుట్ దాకా నడిచాను. సిమెంటు రోడ్లు వేశారు గాని ఒక్క ఇల్లూ లేవలేదు. రాళ్ళు పాతిన ఖాళీ జాగాల్లో తుమ్మచెట్లు మొలిచాయి. ఆ రోడ్ల మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకుంటున్నారు. ఒకామె వెనక తమ్ముడు పరుగెత్తుతున్నాడు. ఒకామె తనంతట తానే పడుతూ లేస్తూ ఉంది.

నేను ఒక రాయి మీద కూర్చుని చూస్తున్నాను. బనియన్ మీద తువ్వాలు వేసుకున్న ఒకాయన, చంకలో ఏడాది పాపతో నా దగ్గరికి వచ్చాడు. అతని భార్య స్కూటీ మీద కూర్చుని, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, ఎదురుచూస్తూ ఉంది.

"ఎవరి కోసం వచ్చినారు సార్?" అన్నాడు.

"ఎవరి కోసం కాదు. నడుస్తా వచ్చినా," అన్నాను.

"కొంచేపు ఈ పాపను పట్టుకుంటారా? నేను వెనక పట్టుకోకుంటే ఆమె కదలనంటాది."

పాపను నా చేతుల్లో పెట్టి పరుగెత్తాడు. స్కూటీ కదిలింది. "వదల్లేదు గదా? వదల్లేదు గదా?" అని ఆమె అరుస్తూ ఉంది. "లేదు, పో పో," అని అతను ఎప్పుడో వదిలేసి వెనక నడుస్తున్నాడు. ఆమె రోడ్డు చివరిదాకా పోయి, అక్కడ తిప్పడం రాక ఆగిపోయింది. అతను అటు పోయాడు. ఇద్దరూ అక్కడ ఏదో వాదించుకుంటున్నారు. దూరం వల్ల మాటలు వినబడలేదు.

పాప బరువుగా ఉంది. పాలపొడి వాసన. నా కళ్ళద్దాలు పీకాలని చూసి, రాకపోతే నా చొక్కా బొత్తాం పట్టుకుని లాగసాగింది. వాళ్ళు తొందరగా తిరిగి రాలేదు. కొంతసేపటికి నా ఎడమ చెయ్యి నొప్పి పెట్టింది. పాపను కుడిచేతికి మార్చుకున్నాను. ఎండ వస్తూ ఉంటే లేచి, కరెంటు స్తంభం నీడలోకి పోయి నిలబడ్డాను.